అడగని వీధి

సమస్యల్ని పరిష్కరించే రోజులు పోయాయనీ, ఇకమీదట ప్రభుత్వం నేరుగా ప్రజల ప్రవర్తననే పరిష్కరిస్తుందనీ ప్రజా ప్రవర్తన శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఒక సమస్య తీరిస్తే ఇంకోటి పుట్టుకొస్తుందనీ, అసలు "నాకో సమస్య ఉంది" అనే అలవాటునే మాన్పించేస్తే దేశం మొత్తం ఒక్కసారే సుఖపడిపోతుందనీ సెలవిచ్చారు. "ప్రవర్తన అంటే ఏమిటి సార్?" అని ఒక విలేకరి అడిగాడు. "ఇప్పుడు మీరు ప్రశ్న అడిగారు చూశారా, అదే" అన్నారు మంత్రిగారు. ఇంత సూటిగా నిర్వచనం చెప్పిన మంత్రి ఈ మధ్యకాలంలో ఇంకొకరు లేరు.

ఆ సమావేశంలో మంత్రిగారి కుడిపక్కన, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి కాలేజీలో సైకాలజీ లెక్చరరు. ఇప్పుడు శాఖకి సలహాదారు. పదవి కోసం అతను పైరవీ చేసిన పాపాన పోలేదు. నిజానికి మంత్రిగారి బంగళాకి వెళ్లింది ఒక అర్జీ పట్టుకుని. వాళ్ల వీధిలో మంచినీళ్ల పైపూ మురుగు పైపూ భూమిలో ఎక్కడో కలిసి కాపరం పెట్టాయి. కుళాయి తిప్పితే టీ రంగు నీళ్లొస్తాయి. కాచినా, వడకట్టినా ఆ రంగు పోదు. రెండో క్లాసు చదువుతున్న అతని కూతురు బడికి వెళ్లిన రోజులకంటే కడుపు పట్టుకుని మంచమెక్కిన రోజులే ఎక్కువ. "మందులు రాయమంటే రాస్తాను గానీ, పైపు మార్చకుండా ఈ పిల్లకి నయం కాదు" అని డాక్టరు చేతులెత్తేశాడు. అప్పుడు అతని భార్య ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించి, అన్నిటికంటే పైన తన సంతకం చేసి, కాగితం మొగుడి చేతిలో పెట్టింది.

"ఈసారి ఇచ్చి రావడం కాదు, పని చేయించుకు రండి" అంది.

మంత్రిగారు అర్జీ అందుకుంటూ, "ఏం చేస్తుంటారు?" అని మర్యాదకి అడిగారు.

"సైకాలజీ చెప్తానండీ."

మంత్రిగారి కళ్లు మెరిశాయి. ఆ మధ్య విమానం ఆలస్యమైనప్పుడు ఆయన సైకాలజీ పుస్తకం ఒకటి సగందాకా చదివారు. అంతలో విమానం వచ్చేసింది. తక్కిన సగం కోసం అప్పట్నుంచీ మనిషిని వెతుకుతున్నారు.

"గంట కొడితే కుక్కకి నోరూరుతుంది. అంతే కదా?"

"అంతేనండీ. రోజూ గంట కొట్టి తిండి పెడితే, కొన్నాళ్లకి తిండి లేకపోయినా ఉత్త గంటకే నోరూరుతుంది."

"తిండి లేకపోయినా!" మంత్రిగారు లేచి నిలబడ్డారు. "ఇన్నేళ్లు ప్రజాసేవ చేశాను, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదండీ. ఏదీ, బొమ్మ గీసి చూపించండి."

కాగితం కోసం చుట్టూ చూసి, చేతిలో ఉన్న అర్జీనే వెనక్కి తిప్పి ఇచ్చారు. లెక్చరరు దానిమీద కుక్కనీ గంటనీ గీశాడు. కుక్క బాగా కుదిరింది. మర్నాటికల్లా దానికి ఫ్రేము కట్టించి మంత్రిగారి గదిలో తగిలించారు, అర్జీ గోడవైపు, కుక్క జనంవైపు. లోపల ఒక కాలు ఉంటే పైపు పని తొందరగా అవుతుందన్న ఆశతో లెక్చరరు ఉద్యోగానికి సరేనన్నాడు.

"పైపు సంగతేమైంది?" అని భార్య అడిగితే, "మంత్రిగారి గదిదాకా వెళ్లింది" అన్నాడు. అబద్ధమేం కాదు.

మొదటి ప్రయోగం అర్జీల హాల్లో. అక్కడికి సోమవారం సోమవారం జనం కాగితాలు పట్టుకుని వస్తారు. గంట మోగగానే అందరికీ వేడి టీ, బిస్కెట్లు. ఇంట్లోంచి తిట్టుకుంటూ బయల్దేరినవాళ్లు కూడా గ్లాసు చేతిలో పడగానే మెత్తబడేవాళ్లు. కొన్నాళ్లకి గంట వినగానే మొహాలు విప్పారడం మంత్రిగారు అద్దాల తలుపు వెనకనుంచి స్వయంగా చూసి, "ఇక టీ ఆపేయండి. గంట చాలు" అని ఆర్డరేశారు.

"సార్, ఆ కుక్కకి నోరూరింది గానీ కడుపు నిండలేదండీ" అన్నాడు లెక్చరరు.

"కడుపు సంగతి ఆహార శాఖ చూసుకుంటుంది. మన శాఖ నోటివరకే."

ఆ సోమవారం గంట మోగింది. జనానికి నోరూరింది. సైన్సు ఎక్కడా తప్పలేదు. టీ మాత్రం రాలేదు. ఇంకోసారి మోగించారు, ఇంకోసారి ఊరింది. ఆ తర్వాత ఊరిన నోళ్లన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. వాటిలోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయడం మర్యాద కాదు. పైగా పాఠం అందరికంటే బాగా వంటబట్టింది గుమాస్తాలకి. గంట చెవిన పడగానే ఫైళ్లు మూసి, వీధి చివర టీ కొట్టుకి వెళ్లిపోయి, సాయంత్రం దాకా తిరిగొచ్చేవారు కాదు. నిలదీస్తే, "మా చేతుల్లో ఏముందండీ, కండిషనింగు" అన్నారు.

మంత్రిగారు దిగులుపడే మనిషి కారు. "గంట పాత థియరీ. లేటెస్టుదేముంది?"

"బహుమతి థియరీ ఉందండీ. మనకి నచ్చిన పని చేసిన వెంటనే బహుమతి ఇస్తే, ఆ పనే మళ్లీ మళ్లీ చేస్తారు."

వారం తిరక్కుండా 'శాంత పౌరుడు' పథకం వెలిసింది. ఇచ్చిన అర్జీని నవ్వుతూ వెనక్కి తీసుకున్నవారికి తళతళలాడే బ్యాడ్జీ. అది పెట్టుకుంటే ఏ ప్రభుత్వ ఆఫీసులోనైనా క్యూలో అందరికంటే ముందు నిలబడొచ్చు. ఇంత ఉదారమైన పథకం ఏ దేశంలోనూ ఉండదు.

అయితే వెనక్కి తీసుకోవాలంటే ముందు ఇవ్వాలి కదా. పుట్టి బుద్ధెరిగి ఒక్క ఫిర్యాదు చెయ్యని పెద్దమనుషులు కూడా కలాలు తీశారు. ఒకాయన తన ఇంటికి కరెంటు సక్రమంగా వస్తోందని కంప్లయింట్ ఇచ్చాడు. ఒకావిడ మొగుడి గురక గురించి నాలుగు పేజీలు రాసి, బ్యాడ్జీ అందుకుని, గురకని మనస్ఫూర్తిగా క్షమించింది. గేటు బయట పార్టీ కార్యకర్త ఒకడు బల్ల వేసుకుని 'అర్జీలు రాసివ్వబడును, వెనక్కి తీసుకోబడును' అని బోర్డు కట్టాడు. హాలు చాలక వరండాలో, వరండా చాలక రోడ్డుమీద బారులు తీరారు. నిజంగా కష్టం ఉన్నవాళ్లు ఆ తోకలో ఎక్కడో ఇరుక్కుపోయారు. వాళ్లలో లెక్చరరు భార్య ఒకతె. బ్యాడ్జీల వాళ్లంతా ఆవిణ్ని తోసుకుంటూ ముందుకెళ్లాక, ఆవిడ వంతు వచ్చేసరికి కిటికీ మూసేశారు.

"అర్జీలు పదింతలయ్యాయి సార్" అన్నాడు మంత్రిగారి పి.ఎస్.

"వెనక్కి తీసుకున్నవో?"

"అవీ పదింతలే సార్."

"మరింకేం! రికార్డు."

కానీ ఆ సాయంత్రం జనం అడ్డుపడి మంత్రిగారి కారే గేటు దాటలేకపోయింది. అంచేత పథకం లక్ష్యాలన్నీ సాధించి విజయవంతంగా ముగిసినట్టు మర్నాడు ప్రకటన వచ్చింది.

ఇంట్లో కూతురికి మళ్లీ వాంతులు. భార్య తడిగుడ్డతో పిల్ల మొహం తుడుస్తూ, మొగుడి వైపు చూడకుండానే, "మీ థియరీల్లో మన పైపు ఎన్నో పేజీలో వస్తుందండీ?" అంది. లెక్చరరుకి తల కొట్టేసినట్టయింది. రేపు తప్పకుండా అడిగేస్తాను అనుకున్నాడు. రేపు మంత్రిగారే అతన్ని అడిగారు, ఇంకో థియరీ.

"మనుషులు చెప్తే వినరండీ, చూసి నేర్చుకుంటారు" అన్నాడు. "ఓపిగ్గా ఎదురుచూసే మనిషిని ఒకణ్ని కళ్లెదుట కూర్చోబెడితే, పదిమందీ అతన్ని చూసి..."

"మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు."

మంత్రిగారి బావమరిది ఆదర్శ పౌరుడిగా నియమితుడయ్యాడు. పని ఏమంటే, హాల్లో మొదటి బెంచీమీద చిరునవ్వుతో కూర్చోవడం. ఉత్తినే కూర్చోవడమెందుకని అతను తను కట్టబోయే ఇంటి ప్లాను కాగితాలు కూడా పట్టుకొచ్చి కిటికీలో ఇచ్చాడు. మొదటి వారం చిరునవ్వు మొహం నిండా ఉంది. రెండో వారం మూతివరకే ఉంది. "రేపు రండి", "ఆ సీటాయన లేడు", "ఈ కాగితం కాదు, ఇంకో కాగితం" అన్నీ విన్నాక, మూడో వారం అతను లేచి కిటికీ ఊడిపోయేలా బాది, "నేనెవర్ననుకున్నావ్? మంత్రిగారి బావమరిదిని! నాకే పనవ్వకపోతే ఇంకెవడికవుతుందిరా?" అని గావుకేక పెట్టాడు. కాగితాలమీద అప్పటికప్పుడు ముద్ర పడింది.

జనం చూశారు. నేర్చుకున్నారు. పై సోమవారానికి మంత్రిగారికి బావమరుదులు లెక్కకి మించిపోయారు. వాళ్లలో సగం మంది ఆడవాళ్లు. డెబ్భై దాటిన ఒక ముసలాయన కూడా కిటికీ బాదుతూ, "అక్కయ్యతో చెప్తానుండు" అని బెదిరించాడు.

మంత్రిగారు తన గదిలో కుర్చీలో వాలిపోయారు. లెక్చరరు కూడా అలిసిపోయాడు. అలుపులో నోరు జారాడు.

"ఇంకోటుందండీ. ఏ అలవాటుకైనా ఫలితం దొరక్కపోతే, కొన్నాళ్లకి అదే చచ్చిపోతుంది."

"అంటే?"

"అడిగినవాడికి అవునని గానీ కాదని గానీ అనకూడదు. తిట్టకూడదు, ఓదార్చకూడదు. అసలు ఏమీ చెయ్యకూడదు."

మంత్రిగారు మెల్లగా నిటారుగా కూర్చున్నారు. "దీన్ని సైన్సంటారా? మా శాఖల్లో ఇది తాతల కాలంనుంచీ చేస్తున్నామండీ! పాపం, ఎంతమంది ఆఫీసర్లు తాము శాస్త్రవేత్తలమని తెలియకుండానే రిటైరైపోయారో!"

సాయంత్రానికి సర్క్యులర్ వెళ్లింది. ఏ శాఖలోనూ ఎవరూ జవాబివ్వరాదు, ఫోను ఎత్తరాదు, పిలిస్తే పలకరాదు. ముందు ఒక వీధిలో ప్రయోగం. అందరికంటే మొండిగా అర్జీలు పెట్టే వీధేదో తీయమన్నారు. పి.ఎస్. ఫైలు తెచ్చి చదివాడు. లెక్చరరు ఉండే వీధి. పైన అతని భార్య సంతకం.

"సార్, అక్కడ నిజంగానే నీళ్లు బాగోవండీ" అన్నాడు లెక్చరరు. "మా పాపకి..."

"సైన్సుకి పక్షపాతం ఉండకూడదు" అన్నారు మంత్రిగారు. తర్వాత దయతో భుజం తట్టారు. "బెంగ పెట్టుకోకండి. వాళ్లు అడగడం మానేసిన మరుక్షణం ఆ పైపు ఫైలుమీద నేనే సంతకం పెడతాను. మాట."

లెక్చరరు ఆ మాటే ఇంటికి మోసుకొచ్చాడు. భార్య శ్రద్ధగా వింది.

"అంటే అడుగుతున్నన్నాళ్లూ ఇవ్వరు."

"ఇవ్వరు."

"అడగడం మానేస్తే, వీళ్లకి అవసరం లేదు, ఉంటే అడిగేవాళ్లే కదా అంటారు."

లెక్చరరు తన పుస్తకాల బీరువా వైపు చూశాడు. ఇన్నేళ్లుగా తను పాఠాలు చెప్తున్న ఏ థియరీలోనూ దీనికి జవాబు లేదు.

ప్రయోగం మొదలైంది. అలవాటు చచ్చేముందు ఒకసారి బాగా రేగుతుందని సైన్సు చెప్తుంది. అలాగే రేగింది. వీధిలో ఆడవాళ్లంతా సీసాల్లో టీ రంగు నీళ్లు పట్టుకొచ్చి ఆఫీసు బల్లమీద వరసగా పేర్చారు. గుమాస్తాలు సీసాలకి ఇవతలనుంచి అవతలికి చూస్తూ కూర్చున్నారు. "మాట్లాడరేం? మనుషులు కారా?" అని అరుస్తున్న గొంతు లెక్చరరుకి బాగా తెలిసిన గొంతే. అతను పక్కన ఫైళ్ల గదిలో బీరువా వెనక నిలబడి, ఆవిడ వెళ్లిపోయేదాకా ఊపిరి బిగపట్టాడు. సిగ్గుతో చచ్చిపోవచ్చని అతనికి ఆ రోజు అర్థమైంది. కానీ సర్క్యులర్ ప్రకారం బయటికి రాకూడదు.

ఆ తర్వాత ఆ వీధి ఆగిపోయింది. అర్జీ లేదు. సీసా లేదు. ఫోను లేదు. పి.ఎస్. ఆనందం పట్టలేక గ్రాఫు గీయించాడు. గీత కిందికి జారి నేలమీద పడుకుంది. మంత్రిగారు దాన్ని కుక్క పక్కన తగిలించారు. పైపు ఫైలు సంగతి లెక్చరరు ఎత్తితే, "ఏ పైపు? అడుగుతున్నవాళ్లెవరూ లేరే" అన్నారు ఆశ్చర్యంగా.

ఇంట్లో కూడా భార్య అడగడం మానేసింది. పైపు గురించే కాదు, ఆలస్యమైందేం అని గానీ, తిన్నారా అని గానీ అడగడం లేదు. ఆ నిశ్శబ్దం లెక్చరరుకి ఒళ్లంతా గుచ్చుకునేది.

ఒక సాయంత్రం వచ్చేసరికి వీధి పొడుగునా కొత్తగా పూడ్చిన మన్ను, ఇంకా తడారలేదు. గుమ్మం పక్కన గోడకి గునపం ఆనించి ఉంది. లోపల కూతురు గ్లాసెత్తి గటగటా నీళ్లు తాగుతోంది. గ్లాసులోంచి పిల్ల ముక్కు స్పష్టంగా కనబడుతోంది.

"ఇవెక్కడివి?"

"మంత్రిగారి బంగళాకి కొత్త లైను మన గుమ్మాల ముందునుంచే పోతోందండీ" అంది భార్య, బకెట్ నింపుకుంటూ. "ఇన్నాళ్లూ మాకు తెలిస్తేనా? ఆఫీసు చుట్టూ తిరగడంతోనే సరిపోయేది. అడగడం మానేశాక బోలెడు తీరిక దొరికింది. తవ్వి చూశాం."

లెక్చరరు కుర్చీలో కూలబడ్డాడు. భయం వేసింది. ఆపుకోలేనంత నవ్వూ వచ్చింది.

మర్నాడు బంగళాలో కుళాయిలు బుస్సుమని గాలి ఊదాయి. మంత్రిగారు గడ్డం సగం గీసుకుని, ఇంకో సగం నురగతో ఆఫీసుకొచ్చారు.

"ఇంజనీరెక్కడ?"

"ఫోను ఎత్తడం లేదు సార్. ఎత్తకూడదని మనమే సర్క్యులర్ ఇచ్చాం" అన్నాడు పి.ఎస్.

"మనిషిని పంపు."

"పంపాను సార్. ఇంజనీరు కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చున్నాడట."

"అయితే నేనే అర్జీ రాస్తాను. లైను మొత్తం తవ్వించి చూడమను!"

తవ్వితే ఎవరి గుమ్మం ముందు తేలుతుందో లెక్చరరుకి తెలుసు. అబద్ధమాడే అలవాటు అతనికి లేదు. కానీ గ్లాసు వెనక పిల్ల ముక్కు కళ్లముందు కదిలింది.

"సార్" అన్నాడు, గ్రాఫు వైపు చెయ్యి చూపిస్తూ, "ఇప్పుడు మీ అర్జీకి జవాబొస్తే, అడిగితే పనవుతుందని దేశమంతా నేర్చుకుంటుంది. పడ్డ శ్రమంతా వృథా. మీరు కూడా మానెయ్యాలి సార్. మీకంటే పెద్ద ఆదర్శం ఎవరున్నారు?"

మంత్రిగారు గ్రాఫు వైపు చూశారు. చెంపమీద నురగ ఎండిపోతోంది. "సైన్సు కోసం" అని, రాస్తున్న కాగితం చింపేశారు.

అలా రెండ్రోజులు గడిచాక, ఒక పొద్దున్న పి.ఎస్. పెద్ద ప్లాస్టిక్ క్యాన్ పట్టుకుని, అటూ ఇటూ చూస్తూ, లెక్చరరు గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, కాస్త నీళ్లు... ఏ రంగైనా ఫర్వాలేదు, అయ్యగారికి."

లెక్చరరు గబగబా వచ్చి గునపానికి అడ్డంగా నిలబడ్డాడు. భార్య మాత్రం తొణకలేదు. క్యాన్ అందుకుని కుళాయి కింద పెట్టి తిప్పింది. ధార చూసి పి.ఎస్. నోరు తెరిచాడు.

"మీ వీధిలో ఇంత మంచి నీళ్లా! ఎలా వచ్చాయమ్మా?"

"అడగడం మానేశాం కదండీ" అంది ఆవిడ. "అందుకని."

పి.ఎస్. ఆ మాట అరచేతిమీద రాసుకుని, క్యాన్ భుజాన వేసుకుని పరుగెత్తాడు.

మధ్యాహ్నం విలేకరుల సమావేశం. బల్లమీద గాజు జగ్గునిండా నీళ్లు. మంత్రిగారు గ్లాసులో పోసుకుని, వెలుగుకెత్తి కెమెరాలకి చూపించి, ఆఖరి చుక్కదాకా తాగారు. "అడిగినన్నాళ్లూ ఆ వీధికి మురుగొచ్చింది. అడగడం మానేశారు, అమృతం వచ్చింది. ఏ అధికారీ వేలు కదపలేదు. ఏ ఫైలుమీదా సంతకం పడలేదు. ఇది మానవ ప్రవర్తన సాధించిన విజయం" అన్నారు. ఆ వీధి ఎక్కడుందో, అక్కడ ఎవర్ని కలవాలో వివరంగా చెప్పి, ప్రజలంతా వెళ్లి చూసి నేర్చుకోవాలని పిలుపునిచ్చారు. ఈ పథకాన్ని దేశమంతటా అమలు చేస్తున్నట్టు ప్రకటించారు. అందరికంటే ముందు లెక్చరరు చప్పట్లు కొట్టాడు.

జనం తండోపతండాలుగా వెళ్లారు, చూశారు. ఆ సాయంత్రానికి ఊళ్లో ఏ కొట్లోనూ గునపం దొరకలేదు.